బల్లని కొయ్యనివ్వని దేనికమ్మ

ఎవరైనా ఏదైనా కావాలంటే చాలు, మా కోడలు "దేనికి?" అనకుండా ఉండలేదు. మంచినీళ్లడిగినా అంతే.

"దాహానికా, మాత్రకా మావయ్యగారూ?"

మాత్రకయితే గోరువెచ్చనివి, దాహానికయితే చల్లవి. ఈ విచారణ పూర్తయ్యేసరికి దాహం నా సంగతి మరిచిపోయి దాని దారిన అది పోతుంది. మా వీధిలో ఆ పిల్ల అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ దేనికమ్మే.

నేను మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి. అయితేనేం, ఈ పట్నంలో జడ్జిగారు కూర్చునే కుర్చీ నా చేతిదే. లైబ్రరీలో బీరువాలన్నీ నావే. నేను బిగించిన తలుపు కిర్రుమనగా విన్నవాడు ఇంకా పుట్టలేదు. ఇన్నేళ్లలో ఎవరినీ "దేనికి" అని అడిగిన పాపాన పోలేదు. కొలత చెప్పారా, కొయ్యడమే.

కోడలి ఉద్యోగమే అడగడం. సాఫ్ట్‌వేర్ తయారుచెయ్యకముందే వెళ్లి, దాన్ని వాడబోయేవాళ్లకి నిజంగా ఏం కావాలో కూపీ లాగుతుంది. బిజినెస్ అనాలిసిస్ అంటారట. మా వడ్రంగి షాపు మీది గదిలో కూర్చుని, కంప్యూటర్లో, సాఫ్ట్‌వేర్ చేయించుకుంటున్న ఈ పట్నం ఆసుపత్రి డాక్టర్లతో రోజూ ఇదే గోల.

"మీ సాఫ్ట్‌వేర్ ఎప్పటికి పూర్తవుతుందమ్మా?" అని ఓసారి అడిగాను.

"ఒకేసారి చెయ్యం మావయ్యగారూ. కాస్త చేసి చూపిస్తాం. వాళ్లు వాడి చూసి చెబితే మార్చి, ఇంకాస్త చేస్తాం. ఎజైల్ అంటే అదే."

"అలాగా! నేను కుర్చీకి ఒక్క కాలు బిగించి, జడ్జిగారిని కూర్చోమంటే?"

"ముందు స్టూలు ఇవ్వాలండీ. కూర్చోవడానికి పనికిరావాలిగా."

నేను మళ్లీ ఉలి అందుకున్నాను.

అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ అలవాటు మేడ దిగి నా షాపులోకొచ్చింది. పుస్తకాల బీరువా కోసం వచ్చిన ఓ లెక్చరర్ని అరగంట ప్రశ్నలేసి, చదవని పుస్తకాలు ఎవరికైనా ఇచ్చేస్తే చాలని ఆయన నోటితోనే అనిపించింది. నా బేరం హుళక్కి!

ఓ పొద్దున వీధి చివరి టైలర్లు, అన్నదమ్ములిద్దరూ వచ్చారు. ఇద్దరిదీ ఒకే షాపు, ఒకే కటింగ్ బల్ల. ఆ బల్ల నేను చేసిందే. ఏనుగెక్కి గెంతినా కదలదు.

"బల్లని మధ్యకి కోసెయ్యాలి మేస్త్రీగారూ," అన్నాడు అన్న, తమ్ముడి వైపు చూడకుండా.

"సాయంత్రానికల్లా," అన్నాడు తమ్ముడు, గోడకేసి చూస్తూ. "ఇక ఎవరి షాపు వాళ్లదే."

నేను చేసిన బల్లకి నేనే రంపం పెట్టాలట. కానీ కొలత చెప్పేశారు కదా. రంపం తీశాను.

"దేనికండీ?" మేడ మెట్ల మీంచి వినబడింది.

"మాకు పడట్లేదమ్మా."

"ఎక్కడ పడట్లేదు?"

ఇద్దరూ ఒకేసారి అందుకున్నారు. కోడలు చెయ్యెత్తి ఆపింది. "తమ్ముడుగారూ, మీరు కాస్త టీ తాగి రండి."

తమ్ముడు వెళ్లాక అన్న నసిగాడు. "కిటికీ వైపు ఎప్పుడూ వాడే నిలబడతాడమ్మా. జరగమంటే జరగడు."

"కిటికీ దేనికి మీకు?"

"గాలికి."

"ఫ్యానుందిగా?"

"ఉంది."

"మరి దేనికండీ?" ఈసారి గొంతు తగ్గించి, స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

ఆయన చెక్కపొట్టుని కాలితో కెలికాడు. "సుద్దగీత కనబడట్లేదమ్మా. రెండు చొక్కాలు పాడుచేశాను. వాడికి పని నేర్పింది నేను. నా కళ్లు పోతున్నాయని వాడితో ఎలా చెప్పను?"

తరువాత అన్న టీకి వెళ్లాడు, తమ్ముడి వంతు వచ్చింది. "అన్నకి నా పని మీద నమ్మకం లేదండీ. గుడ్డ లాక్కుని గుమ్మం దాకా పట్టుకెళ్లి మరీ చూస్తాడు. అంత పనికిమాలినవాణ్ణా నేను?"

అవతల చిత్రిక పడుతున్న నేను అసలు సంగతి చెప్పెయ్యబోయాను. కోడలు ఒక్క చూపు చూసింది. మళ్లీ చిత్రిక మీదకి వంగాను.

ఇద్దర్నీ కూర్చోబెట్టి అంది: "వారం ఆగి కోద్దాం. ఈలోగా బల్ల మీద అటొకటి, ఇటొకటి మంచి దీపాలు వేలాడదీసి చూడండి. కుదరకపోతే మావయ్యగారి రంపం ఎక్కడికీ పోదు."

"దీపాలు దేనికి?" అన్నాడు తమ్ముడు.

"ఇప్పుడడిగారు! ఇద్దరికీ ఒకే వెలుగుంటే, గుడ్డ పట్టుకుని ఎవరూ గుమ్మం దాకా పరిగెత్తక్కర్లేదు."

కళ్ల ఊసే ఎత్తలేదు. అన్నని సాగనంపుతూ మాత్రం మెల్లగా అంది: "మా ఆసుపత్రిలో కళ్ల డాక్టరుగారు చాలా మంచివారండీ. ఎప్పుడెళ్తారో చెబితే నేను మాట్లాడి ఉంచుతాను." జడ్జిగారి కుర్చీలో ఈ పిల్లని కూర్చోబెట్టాలనిపించింది నాకు.

వారం తిరిగేసరికి ఇద్దరూ కలిసే వచ్చారు. అన్న ముక్కు మీద కొత్త కళ్లజోడు.

"దీంతో వీడి కుట్లలో వంకర్లన్నీ కనబడుతున్నాయి మేస్త్రీగారూ!"

"ముందు నీవి చూసుకో అన్నయ్యా! ముందే చెబితే కిటికీ ఊడబీకి నీ పక్కన పెట్టేవాణ్ణిగా!"

"సరేలేరా. మేస్త్రీగారూ, బల్ల రెండడుగులు పొడిగించాలి."

చెవి మీది పెన్సిలు తీశాను. టేపు లాగాను. నోరు జారింది.

"దేనికి?"

పైగదిలో మాటలు ఠక్కున ఆగాయి.

"ఒక్క నిమిషం డాక్టరుగారూ," అంటోంది మా దేనికమ్మ. "మా టీములో కొత్తగా ఒక పెద్దాయన చేరారు. ఏం అడుగుతున్నారో విని వస్తాను."