మడమ లేవకూడదు

పెనుకొండ దాటాక, సోమందేపల్లె ఇంకా రాకముందే లారీ మమ్మల్ని దింపేసింది. చైనా యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం. పగలు పదకొండు గంటలు. యుద్ధానికి మేము కాస్త ఆలస్యంగా వచ్చాము. యుద్ధం దానికేమీ నొచ్చుకున్నట్టు లేదు.

ఎర్ర గరుగు నేల. ముళ్ళ తుమ్మలు. గుట్ట కింద ఎండిపోయిన వంక. అదే మా ఫైరింగ్ రేంజి. తలా ఒక రైఫిలు, ఇనుప టోపీ, నీళ్ళ సీసా ఇచ్చారు. నీళ్ళు సాయంత్రం వస్తాయన్నారు. ఏ సాయంత్రమో చెప్పలేదు.

మా శిక్షకుడు కదిరి వైపు హవల్దారు. అందరూ ఉస్తాద్ అనేవారు. చేతిలో వెదురు బెత్తం. మొదటి ఉదయమే కాళ్ళు ఎడంగా పెట్టించాడు. రైఫిలు తలపైకి ఎత్తి, ఒక మోకాలు వంచి ఆ పక్కకు కూర్చోవాలి. రెండో కాలు కర్రలా చాచి ఉంచాలి. దాని మడమ నేల విడవకూడదు. లేచి, రెండో పక్కకు మళ్ళీ అంతే. నీళ్ళే లేని సీమలో ఎండ్రకాయ నడక నేర్పుతున్నాడని నేను అన్నాను. ఆయన విన్నాడు.

"ఏమప్పా బి.ఏ., నవ్వొస్తాండాదా? మడమ చూసుకో."

బెత్తం తొడ లోపలి వైపు పడింది. ఆ తర్వాత వారం రోజులు నేను కూర్చొని చేయవలసిన పనులన్నీ ఆలోచించి చేశాను.

నల్లమాడ నుంచి వచ్చిన సిపాయికి ఈ కసరత్తు అసలు పట్టుబడలేదు. బండలాంటి మనిషి. జొన్నచేలో మంచె ఎక్కి వడిసెల తిప్పి పిట్టలను తోలుతూ పెరిగాడు. రాయి విసిరితే ఎగిరే కాకి కూడా దారి మార్చుకునేది. పక్కకు వంగమంటే మాత్రం వెల్లకిలా పడేవాడు.

"శత్రువు ముందర కదా ఉస్తాద్ ఉండేది? పక్కకు యాడికి పోవాల?" అన్నాడు ఒకరోజు.

"గ్రెనేడ్ నీ కాళ్ళకాడ పడితే ముందుకు ఉరికినా చస్తావు, ఎనక్కి ఉరికినా చస్తావు. పక్కకు ఒక్క అంగ. గుంట పక్కన మట్టిగోడ ఉంటాది, దాని అవతల పడల్ల. పడినాక ఆ రెండో కాలు గూడా లాక్కోవల్ల. ఇంగ యాభై తియ్యి."

యాభై పూర్తికాకముందే నల్లమాడవాడు ఆయన ముఖం మీద గుద్దాడు. ఉస్తాద్ ముక్కు పగిలింది. ఆయన బెత్తం పక్కన పెట్టి తిరిగి ఒక్కటి కొట్టాడు. నల్లమాడవాడి ముందు పన్ను గరుగులో పడింది. ఇద్దరూ కాసేపు దానివైపు చూశారు.

"చెల్లుకు చెల్లు. పైవాళ్ళకు చెప్పితే నిన్ను ఇంటికి తోలుతారు. పోతావా?"

"ఆడ మూడేండ్లుగా వాన లేదు ఉస్తాద్. పోను."

"అయితే కూర్చో. మడమ లేపొద్దు."

అసలు గ్రెనేడ్ల రోజు ఉదయం ఏడు గంటలకే గాలి వేడెక్కింది. నడుమెత్తు ఇసుక మూటల మధ్య గుంట. ఎడమ పక్క మట్టిగోడలో సందు, దాని అవతల ఇంకో గుంట. విసిరేవాడి వెనక ఉస్తాద్ నిలబడతాడు. మేమంతా దూరపు కందకంలో.

నల్లమాడవాడు అన్ని రోజులూ ఉత్త గ్రెనేడ్లు చక్కగానే విసిరాడు. ఆ రోజు పిన్ను లాగిన తర్వాత చెయ్యి మాత్రం జొన్నచేలోకి వెళ్ళిపోయింది. వడిసెల తిప్పినట్టు తలచుట్టూ ఒక తిప్పు తిప్పాడు. చెమట పట్టిన చేతిలోంచి గ్రెనేడ్ జారి, వెనక మూటకు తగిలి, ఇద్దరి మధ్య పడింది. ఇక నాలుగు సెకన్లు.

"పక్కకు!"

నల్లమాడవాడు పక్కకు వెళ్ళాడు. మోకాలు వంచి, ఒక్క అంగలో, సందులోంచి అవతలికి. అంత బాగా అతను ఎన్నడూ చేయలేదు. సందు ఒక్క మనిషికే సరిపోతుంది. ఉస్తాద్ అతని వెనకే అంగ వేశాడు.

మట్టి మా టోపీల మీద రాలింది. రేడియో సిపాయి బేస్‌ను పిలిచాడు.

"ఒకరికి గాయం. కాలు. ఓవర్."

"తీవ్రమైనదేనా? ఓవర్."

"కాలు ఇక్కడుంది. మనిషిని వ్యాన్ ఎక్కిస్తున్నాం. ఓవర్."

అనంతపురం ఆసుపత్రికి బయలుదేరాం. రైఫిలు పట్టీతో తొడ బిగించి పట్టుకున్నాను. అయినా రక్తం నా మోచేతుల దాకా వచ్చింది. నల్లమాడవాడు ఆయన తల ఒళ్ళో పెట్టుకొని ఏడుస్తున్నాడు.

"రెండో కాలు లాక్కోవల్లని చెప్పినానా లేదా?" అన్నాడు ఉస్తాద్.

"చెప్పినావు ఉస్తాద్."

"నా మాట ఎవడూ ఇనడు. నేను గూడా."

రాప్తాడు రాకముందే ఆయన మాట ఆగింది. వ్యాన్ మాత్రం ఆగలేదు. ఇక అవసరం లేకపోయినా, నేను తొడ మీది పట్టీ బిగించే ఉంచాను.

పదేళ్ళు పనిచేసి ఇంటికి వచ్చాను. అదీ జరిగి చాలా ఏళ్ళయింది. మొన్న, ఈ వయసులో కాళ్ళకు బలం కావాలంటే ఏం చేయాలని డాక్టరును అడిగితే, లేచి నిలబడి, మొహమాటపడుతూ అదే కసరత్తు చేసి చూపించాడు. చాలా బాగా చేస్తున్నారని చెప్పాను. ఆయన మడమ లేచింది.

ఉస్తాద్ పోయిన రోజు మధ్యాహ్నం నేను వంకకు తిరిగి వెళ్ళాను. గుంటలో, మూటలకు ఆనుకొని, కాలు నిలబడే ఉంది. మోకాలు నిటారుగా. బూటు లేసులు ముడివేసినవి వేసినట్టే. మడమ నేలకు ఆని ఉంది.