షిల్కా రేకు మందం

నేను పదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ తర్వాత చదివిందంతా తిరువూరు గ్రంథాలయంలోనే. బస్టాండు పక్కన నాకో జిరాక్స్ షాపుంది. కరెంటు పోతే షట్టరు సగం దించి గ్రంథాలయానికి వెళ్లిపోతాను. ఏదడిగినా చెబుతాడన్న పేరు నాకుంది. ఆ పేరంటే నాకు ఇష్టం కూడా.

ఈమధ్య సరిహద్దులో కాల్పులు మొదలయ్యాక ఒకచోట కూర్చోలేకపోయాను. మా చెల్లెలి భర్త సైన్యంలో డ్రైవరు. ఆయన నడిపేది లారీ కాదు, విమానాల్ని కూల్చే తుపాకుల బండి. దాని పేరు షిల్కా. ఆయన దగ్గర్నుంచి ఫోను వచ్చి చాలా రోజులైంది. వినగడపలో చెల్లెలు, తిరువూరులో నేను, ఇద్దరం ఫోన్లు చేతిలోనే పెట్టుకుని తిరుగుతున్నాం. షాపులో ఒకరి కాగితాలు ఇంకొకరికిచ్చి తిట్లు కూడా తిన్నాను.

మా గ్రంథాలయంలో పేపరును షీట్లుగా విడదీసి పంచుకుంటాం. ఎవరి చేతికి ఏ షీటు వస్తే వాళ్లు అందులోని ముఖ్యమైన వార్త పైకి చదవాలి. ఆ రోజు డ్రోన్ల వార్త ఉన్న షీటు, గంపలగూడెం వైపు షేర్ ఆటో నడిపే ఆయనకు వచ్చింది. చదివేసి, "మరి వీటినెట్లా కూలుస్తారండి?" అని నావైపు తిరిగాడు. అడిగాక నేను ఆగుతానా!

"షిల్కా అని ఒక బండి ఉంది. అసలు షిల్కా అంటే రష్యాలో ఒక నది పేరు."

"మన కట్టలేరు లాంటిదా? ఎండాకాలం ఇసకేనా?" అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు.

నేను లెక్కచేయలేదు. ట్యాంకులాగే గొలుసు చక్రాల మీద నడుస్తుందని, పైన గుండ్రంగా తిరిగే గదికి నాలుగు తుపాకీ గొట్టాలుంటాయని, అవి కాల్చీ కాల్చీ వేడెక్కకుండా లోపల నీళ్లు తిరుగుతాయని చెప్పాను. వెనకాల రాడార్ పళ్లెం ఉంటుంది. విమానం ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంగా వస్తోందో అది పట్టుకుంటుంది. మామిడి తోటలో చిలకల మీద వడిసెల విసిరేవాడు చిలక ఉన్నచోటికి రాయి వదలడు, అది చేరబోయే చోటికి వదులుతాడు. బండిలోని యంత్రం కూడా ఆ లెక్కే కడుతుంది. దాని దెబ్బ రెండున్నర కిలోమీటర్ల దాకా. అంతకన్నా బాగా ఎత్తున పోయేవాటికి క్షిపణులు కావాలి.

"అంత గొప్ప బండికి రేకు ఎంత మందమండి?" అన్నాడు ఆటో ఆయన.

"పల్చనే. తూటాల్ని ఆపుతుంది. పెద్ద గుండు తగిలితే ఆగదు," అన్నాను, తడుముకోకుండా.

మధ్యాహ్నం చెల్లెలు ఫోను చేసింది. "అన్నయ్యా, నువ్వొకసారి రా," అని పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఏ కబురు విని అలా అందో తెలియక, ఎండలో బండి వేసుకుని వినగడప దాకా ఆగకుండా వెళ్లాను.

గుమ్మంలోనే అడిగింది. "ఆయన బండి రేకు పల్చనంటగా?"

"ఎవరన్నారు?"

"ఇంకెవరు, నువ్వే. ఇందాక నేనెక్కిన ఆటో ఆయన దారంతా చెప్పుకుంటూ వచ్చాడు, మీ అన్నయ్యగారికి తెలియంది లేదమ్మా అని. పక్కన కూర్చున్నవాళ్లు నన్ను అదోలా చూశారు. మీ బావేమో ట్యాంకే అని చెప్పారు నాకు. ట్యాంకు కాదా అది?"

చెప్పులు విప్పడానికే చాలాసేపు తీసుకున్నాను. పొద్దుట వండిన అన్నం మూత పెట్టినట్టే ఉంది.

"ట్యాంకులకు తోడుగా వెళ్లే బండి అది. బరువైతే అంత చురుగ్గా తిరగలేదు. పల్చన ఉండేది అందుకే," అన్నాను.

"లోపల ఎంతమంది?"

"నలుగురు. ముగ్గురు పైగదిలో ఉంటారు. డ్రైవరు ముందు భాగంలో."

"ఒక్కడేనా?" అంది. "బస్సెక్కితే పక్కవాళ్లతో మాట్లాడకుండా ఊరు దాటలేని మనిషి!"

"చెవులకు హెడ్‌సెట్ ఉంటుంది. మాట్లాడుకోవచ్చు."

ఇంకేదో అడగబోతుంటే ఫోను మోగింది. కొత్త నంబరు. బావే. చెల్లెలు స్పీకరు పెట్టింది గానీ ముందు ఏడుపే వచ్చింది.

"తిన్నారా?" అంది చివరికి.

"తిన్నా. ఎందుకే ఏడుపు? నేనున్నది ట్యాంకులో. ఏనుగు తొక్కినా సొట్ట పడదు."

తప్పు మాట వింటే నా నోరు ఊరుకోదు. పెదవి కదిపానో లేదో, చెల్లెలు నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"అవును, ట్యాంకే. అన్నయ్య కూడా పుస్తకంలో చదివాడంట," అంది. "మీరు నా గురించి బెంగ పెట్టుకోకండి."

"చెప్పానా మరి!" అని నవ్వాడాయన. అంతలో ఎవరో పిలిచారు, ఫోను పెట్టేశాడు.

ఆమె ముఖం కడుక్కొచ్చి కంచం పెట్టుకుంది. ముద్ద కలుపుతూ, నావైపు చూడకుండా అడిగింది.

"ఆ రాడార్ చీకట్లో కూడా చూస్తుందా?"

"చూస్తుంది."

"మబ్బు పడితే?"

"అప్పుడూ చూస్తుంది."

"మరి ఆ నలుగురూ ఎప్పుడు పడుకుంటారు?"

"అది నేను చదివినదాంట్లో లేదమ్మా," అన్నాను.

"సరే. ఉన్నదైనా చెప్పు," అంది.