మోట తొండంతో కాలితొడుగు

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారంటారు. దేవానందానికి కాలింది కాలు. పందొమ్మిది వందల నలభై ఆరు ఎండాకాలంలో, మేడ్చల్ దారిలో మోటార్ సైకిలు ఇసుకలో జారి మీద పడితే, కుడి పిక్క సైలెన్సరుకు అతుక్కుపోయింది. చేలలోంచి మనుషులు పరుగెత్తుకొచ్చి బండి ఎత్తేసరికి పిక్క మీద చర్మం సగం లేదు. పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. మానిన చోట ఉల్లిపొర లాంటి చర్మం వచ్చింది గానీ కండ పూడలేదు.

దేవానందం సికింద్రాబాదులో ఒక చిన్న మిషన్ దవాఖానలో కంపౌండరు. కాపురం మెట్టుగూడలో. యుద్ధం ముగిశాక మిలిటరీ వాళ్ళు వదిలించుకున్న బండ్లలో ఒకటి ఆ దవాఖానకు చేరింది. దాన్ని నడపడం నేర్చుకున్నది అతనొక్కడే. మందుల పెట్టె వెనక కట్టుకుని వారానికి నాలుగు రోజులు ఊళ్ళ మీద తిరిగేవాడు. బల్ల వెనక నిలబడి మాత్రలు పొట్లాలు కట్టేటప్పుడు అతన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. బండెక్కినప్పటి నుంచి ఊళ్ళలో అందరూ డాక్టర్ సాబ్ అనేవాళ్ళు. కాదని అతనూ చెప్పలేదు.

డాక్టరమ్మ మేబెల్ గారు మాత్రం ఖండితంగా చెప్పేశారు. అక్కడే మళ్ళీ కాలితే కాలు దక్కదు. గట్టి తొడుగు లేకుండా బండి ముట్టుకోవద్దు. తొడుగు కుదరకపోతే బండి ఇంకొకరు నేర్చుకుంటారు, అతను మళ్ళీ పొట్లాలు కట్టుకోవచ్చు.

ఇక అతని బతుకంతా మోకాలి కింద జానెడు జాగా చుట్టూ తిరిగింది. మొదట సిపాయిలు చుట్టుకునే ఉన్ని పట్టీలు తెచ్చాడు. చుట్టుకోవడానికి అరగంట పట్టేది, ఊడిపోవడానికి అల్వాల్ దాటనక్కర్లేదు. ఒకరోజు పట్టీ కొస చైనులో చిక్కి, అతన్నీ బండినీ కలిపి రోడ్డు పక్కన కూలేసింది. తరువాత కిర్మిచ్ అనే ముతక కాన్వాసు గుడ్డవి తొడిగాడు. అవి వేడిని ఆపలేదు సరికదా, తమలోనే దాచుకున్నాయి.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక బోయిన్‌పల్లిలో ఉన్న తండ్రి జకర్యాను చూడబోతే, ఆయన కొడుకు కాలు ఒళ్ళోకి తీసుకుని చాలాసేపు చూశాడు. మోట తొండం తోలుతో కుట్టిస్తానన్నాడు. జకర్యా పని, ఎద్దులతో బావినీళ్ళు తోడే తోలు మోటలు కుట్టడం. మోట బావిలోంచి పైకొచ్చాక నీళ్ళు కాలువలో పడేది తొండంలోంచే. ఆ తోలు గొట్టం ఏళ్ళ తరబడి నానీ, ఆముదం తాగీ, మెత్తగానూ మొండిగానూ తయారవుతుంది. అంతకన్నా మంచి తోలు ఏ దుకాణంలోనూ దొరకదు.

దేవానందం వద్దన్నాడు. కారణం చెప్పలేదు. తండ్రి తోలు పని చేస్తాడని దవాఖానలో ఎవరికీ తెలియదు. బోయిన్‌పల్లిలో కూరగాయల తోట ఉందని మొదటిరోజే చెప్పేశాడు, ఆ తోటను పదేళ్ళుగా పెంచుతూనే ఉన్నాడు. తోలు కుట్టి తనను చదివించిన తండ్రి గురించి అలా చెప్పడం తప్పని అతనికి తెలుసు. తెలిసినా సిగ్గే గెలిచింది.

చివరికి మోండా మార్కెట్‌లో అతని మనసు దోచినవి దొరికాయి. ఎర్రటి గట్టి తోలు తొడుగులు, ఒక్కోదానికి మూడు ఇత్తడి బకిల్సు. ఎవడో గుర్రపు సిపాయివి. వాటికి జోడుగా తొడల దగ్గర ఉబ్బి మోకాళ్ళ దగ్గర బిగిసే ఖాకీ బిర్జీసు కుట్టించుకున్నాడు. భార్య ప్రేమమణి చూసి, పెళ్ళినాడు సుత గింత ముస్తాబు గాలేదని దెప్పింది. అతను నొచ్చుకోలేదు. రెండుసార్లు బండి వాలినా పిక్కకు వేడి తగల్లేదు.

మంచి తొడుగే, కాలమే మంచిది కాదు. నలభై ఎనిమిది వచ్చేసరికి రజాకార్లు ఖాకీ వేసుకుని ఊళ్ళ మీద పడుతున్నారు. దూరాన బండి చప్పుడూ, ఖాకీ బిర్జీసూ, మెరిసే తోలూ కనిపిస్తే చాలు, సూది వేయించుకోవలసిన ఊరు ఊరంతా జొన్నచేలలో దూరేది. ఒక ఊళ్ళో పారిపోలేక మిగిలిన ముసలి దేవమ్మ చెప్పింది, బిడ్డా, నీ మొఖం జూడక ముందే నీ కాళ్ళు జూసి పానం పోతున్నదని. అతను వినలేదు. జనం అలవాటు పడతారులే అన్నాడు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడికి నాలుగోది చూపించి లాభం లేదు.

సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. ఐదు రోజుల్లో పోలీసు చర్య ముగిసింది, భయం ఇటునుంచి అటు మారింది. ఊళ్ళ పొలిమేరల్లో గుత్ప కర్రలు పట్టుకుని మనుషులు కాపలా నిలబడ్డారు. ఏ పాపమూ ఎరగనివాళ్ళు ఎందరో రజాకార్ల పేరున దెబ్బలు తిన్నారు, ప్రాణాలూ పోగొట్టుకున్నారు. అడిగి కొట్టినవాళ్ళు తక్కువ, కొట్టాక అడిగినవాళ్ళు ఎక్కువ. ఖాకీ, తోలూ తొడుక్కుని ఆ దారిన పోవడమంటే చావును పిలిచి పీట వేయడమే.

సరిగ్గా అప్పుడే మేడ్చల్ అవతల ఒక ఊళ్ళో గత్తర, అంటే కలరా, తగిలిందని కబురొచ్చింది. ఇద్దరు పోయారు. మర్నాడు మందు చేరాలన్నారు మేబెల్ గారు. ఎర్ర తొడుగులతో వెళితే మనిషి దక్కడు, అవి లేకుండా వెళితే కాలు దక్కదు. దేవానందం ఎర్ర తొడుగులు పెట్టెలో పడేసి, పొద్దున్నే బోయిన్‌పల్లి వెళ్ళాడు.

జకర్యా దూలానికి వేలాడుతున్న పాత తొండాన్ని దించి, నిలువునా చీల్చి, కొడుకు పిక్కకు చుట్టి కొలత తీసుకున్నాడు. లోపల రెండో పొర వేశాడు. మూడు కుట్లకొక ముడి వేస్తూ కుట్టాడు. అది ఆయన పద్ధతి. ఒకచోట తెగినా తెగుడు అక్కడే ఆగాలని. పెద్ద ఎండ కాకముందే రెండు కాళ్ళవీ అయ్యాయి. నల్లగా, ముతకగా, ఆముదం కంపుతో ఉన్నాయి. తెల్ల పైజామా మీద కట్టుకున్నాక దేవానందానికి తనను చూసుకోబుద్ధి కాలేదు.

బండి దాకా వచ్చి తండ్రి మెల్లగా అన్నాడు:

"ఎవలన్న అడిగితే కొన్న అని చెప్పు బిడ్డా. నా పేరెందుకు."

అంటే కూరగాయల తోట సంగతి ఈయనకు తెలుసు. ఎప్పటినుంచి తెలుసో అడిగే ధైర్యం దేవానందానికి లేకపోయింది. బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు.

గత్తర తగిలిన ఊరి పొలిమేరలో ఏడెనిమిది మంది అడ్డం నిలబడ్డారు. పెట్టె తెరిపించారు. సీసాలు చూపించి, గత్తర మందని, దవాఖాన నుంచి వస్తున్నానని చెప్పాడు. ఒకడు, పోయిన నెల ఖాకీల వచ్చింది గీడే, ఫట్‌ఫటి గిదే అన్నాడు. దాంతో అతని చొక్కా పట్టుకున్నారు. అప్పుడు వాళ్ళలో పెద్దవాడు, పర్వతాలు అనే రైతు, గుత్ప పక్కన పెట్టి కూర్చుని తొడుగు మీద చెయ్యి వేశాడు. వాసన చూశాడు. కుట్టు వెంట వేలు పోనిచ్చాడు, మూడేసి కుట్లకు ముడి తగిలింది.

"గిది మోట తొండం. కుట్టు బోయిన్‌పల్లి జకరయ్యది," అన్నాడు తల ఎత్తి. "నా బాయి మీద మోట సుత ఆయన కుట్టిందే. మోటలు దప్ప ఇంకోటి కుట్టడు. నీకేడిది? ముసలాయన్ని కొట్టి గుంజుకున్నవా?"

కొన్నానన్న మాట దేవానందం నోటి చివరి దాకా వచ్చింది. ఆ మాట చెప్తే వాళ్ళు నమ్మరు. కానీ అతని నోరు కట్టేసింది ఆ భయం కాదు. ఎన్నడూ చూడని ఈ మనిషి వేలి కొసతో తండ్రిని గుర్తుపట్టాడు. తను ఇన్నేళ్ళుగా ఆ తండ్రిని తోటలో పాతిపెట్టాడు. అతనికి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"మా నాయిన కుట్టిండు," అన్నాడు. "నేను జకర్యా కొడుకును."

పర్వతాలు ఒక క్షణం అతని ముఖంలోకి చూసి, చొక్కా వదలమన్నాడు. ముందు తనే చొక్కా చెయ్యి పైకి మడిచి సూదికి చెయ్యి చాపాడు. పొద్దు వాలేలోపల ఊరంతా వేయించుకుంది.

తిరిగి వస్తూ బోయిన్‌పల్లిలో బండి ఆపాడు. జకర్యా గడప మీదే ఉన్నాడు, పొద్దుటినుంచీ అక్కడే ఉన్నట్టున్నాడు. ముందు పిక్క తడిమి చూశాడు. కాలలేదు. తరువాత అడిగాడు, ఎవరైనా అడిగారా అని. అడిగారన్నాడు కొడుకు.

"కొన్న అన్నవా?"

"లేదు నాయినా. నీ పేరే చెప్పిన."

జకర్యా తొడుగు విప్పి దీపం లేకుండానే ఒక్కొక్క ముడీ వేలితో లెక్కపెడుతూ కూర్చున్నాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు.