రేపు గ్రౌండ్‌లో సెలక్షన్

నిన్న మా బడి గ్రౌండ్‌లో, అంతమంది తల్లిదండ్రుల ముందు, నేను బోర్లా ఎందుకు పడ్డానో వినండి. తప్పు నాదే. రెండే రెండు మాటలు మింగేశాను!

టీచరు కాకముందు చాలా ఏళ్ళు పత్రిక డెస్కులో హెడింగులు కత్తిరించాను. ఆ జబ్బు ఇంకా పోలేదు. పదో తరగతికి ప్రకృతి వరణం పాఠం. ఇసుకలో రంగురంగుల గింజలు చల్లి, పిల్లల్ని పక్షుల్లా ఏరమనాలని ప్లాను. ఇసుక రంగులో కలిసిపోయినవి దొరక్కుండా మిగులుతాయి, అదే పాఠం. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ‘రేపు గ్రౌండ్‌లో న్యాచురల్ సెలక్షన్ పాఠం’ అని టైపు చేశాను. పొడుగనిపించింది. ‘రేపు గ్రౌండ్‌లో సెలక్షన్’ అని పెట్టేశాను.

పొద్దున గేటు దగ్గర తిరనాళ్ళే! నిక్కర్లలో పిల్లలు, వెనకాల అమ్మానాన్నలు. కబడ్డీ జట్టుకు సెలక్షనట!

చేపలమ్మే రమణమ్మ తన కూతురు మౌనికను ముందుకు తోసింది.

“యాపారం మానుకోని వచ్చినా మేడం. దీన్ని జట్టులో చేర్చుకోవాల్సిందే.”

“అమ్మా, ఇది వేరే సెలక్షన్. పొడుగు, పొట్టి ఇవన్నీ తల్లిదండ్రుల నుంచి వస్తాయి గదా? వాటిలో పనికొచ్చేవి నిలుస్తాయి, పనికిరానివి...”

రమణమ్మ మొహం మాడిపోయింది. “అంటే మా ఆయన పొట్టోడని నా బిడ్డను తీసేస్తా ఉండారా?”

“అయ్యో, అది కాదమ్మా!”

“మరేంది? ఆడించకుండానే ఎట్టా ఏరేస్తారు?”

“ఆడించండి మేడం!” అని వెనక నాన్నలు అందుకున్నారు. మౌనిక కళ్ళలో నీళ్ళు. పీఈటీ సార్ ఆ రోజే సెలవు. ఇక చున్నీ నడుముకు బిగించి నేనే ఎదురు నిలబడ్డాను.

మౌనిక కూతకొచ్చింది. పైనుంచి పట్టబోయాను. ఆ పిల్ల నా చేతుల కిందుగా దూరి గీత దాటేసింది. నేను గింజల సంచి మీద పడ్డాను. గింజలన్నీ ఇసుకపాలు.

“ఎట్టా తప్పించుకున్నావే?” అన్నాను, నోట్లో ఇసుకతోనే.

“పొడుగోళ్ళయితే దొరికిపోతారు మేడం. నేను మా నాన్న పోలిక!”

పాఠం అయిపోయింది. చెప్పింది మాత్రం నేను కాదు.

పీఈటీ సార్‌కు ఫోన్ చేస్తే, నవ్వడం అయ్యాక, అసలు సెలక్షన్ శనివారం కావలిలో ఉందని, మౌనిక పేరు ఇస్తానని అన్నారు. సాయంత్రం గ్రూపులో అదంతా వివరంగా రాశాను, ఒక్క మాట కూడా కత్తిరించకుండా.

వెంటనే రమణమ్మ వాయిస్ మెసేజ్: “సంతోషం మేడం. మీరు మాత్రం ఆడబాకండి, సెలక్ట్ కారు.”