ఆరిన పాల కవర్లు

హిందీవాళ్ల ఊళ్లోని మా ప్లాంటు క్వార్టర్స్‌లో పక్కింటి పిన్నిని తలుచుకుంటే ముందు ఆవిడ దండెం గుర్తొస్తుంది. చీరల మధ్య పాల కవర్లు క్లిప్పులకు వేలాడుతుండేవి. కడిగి, ఆరబెట్టి, మడతపెట్టిగానీ చెత్తబండి దీదీకి ఇచ్చేది కాదు. అవి సిమెంటు బట్టీలో బొగ్గుకు బదులు మండుతాయని మున్సిపాలిటీవాళ్లు చెప్పినప్పటి నుంచీ అదే పని. మేం నవ్వితే, "తడిది మండదర్రా. మీ బాబాయి బతుకంతా ప్లాంటులో బొగ్గుతోనే గదా," అనేది. వేసవిలో కుళాయి ఒక్కపూటే వచ్చినా కవర్ల కోసం చెంబుడు నీళ్లు దాచేది.

ఆ కవర్లు చేరే షెడ్డు చూడాలని పిన్ని ముచ్చటపడితే ఒకరోజు స్కూటీ మీద తీసుకెళ్లాను. అక్కడ ఒకతను లారీలోని ఎండు ప్లాస్టిక్ మీద పైపుతో నీళ్లు కొడుతున్నాడు.

"ఏటి భయ్యా, ఎండినదాన్ని తడుపుతన్నారేటి?" అంది పిన్ని.

"వజన్ పెరగాలి గదమ్మా. ఠేకేదారుకి, అదే కాంట్రాక్టరుకి, తూకం బట్టే పైసలు," అన్నాడతను. అతనూ మన తెలుగువాడే.

మర్నాడు చెత్తబండి రాగానే, పిన్ని ఎప్పటిలాగే మడతపెట్టిన కవర్లు తెచ్చింది. దాచుకున్న చెంబుడు నీళ్లూ వాటి మీద కుమ్మరించి దీదీ చేతిలో పెట్టింది. నేను తెల్లబోయి చూస్తుంటే నావైపు తిరిగింది.

"ఎలాగూ తడుపుతారు గదా. ఆ పనీ నానే సేసీసినాను."