మూత కింద వెన్న

మా ఆయనకు ప్రతి ఆదివారం కారు బానెట్ ఎత్తి చూడటం ఒక వ్రతం. ఆయనకు కారు నడపడం రాదు, నేర్చుకోవాలని కూడా లేదు. అయినా తనిఖీ అధికారం మాత్రం ఆయనదే. నలభై ఎనిమిదేళ్లు వచ్చాక నేను డ్రైవింగ్ నేర్చుకుని, ఒక పాత పెట్రోలు కారు కొంటానంటే ఆయన పెట్టిన షరతు ఒక్కటే. ఇంటి నుంచి నేను పాఠాలు చెప్పే బడికి, బడి నుంచి ఇంటికి. మా ఊరు ఆత్మకూరు దాటి చక్రం కదలకూడదు. నేను ఎదురు చెప్పలేదు. నిజం చెప్పాలంటే పెద్ద రోడ్డంటే నాకూ గుండె దడే.

రెండేళ్లు అలాగే గడిచాయి. ఆ ఏడు వానాకాలంలో ముసురు పట్టి రెండు వారాలు వదల్లేదు. మా సీమలో వాన కోసం మబ్బులు చూసి చూసి మెడలు పట్టేస్తాయి గానీ, నల్లమల పక్కనే ఉన్నందుకు ఆత్మకూరికి అప్పుడప్పుడూ ఈ భాగ్యం దక్కుతుంది. అప్పుడే ఒక ఆదివారం ఆయన ఇంజిన్‌లో ఆయిల్ పోసే మూత తిప్పి తీసి, వీధంతా వినపడేలా కేకేశాడు.

"ఈడికి రా! ఏం చేసినావో చూడు."

మూత లోపలి వైపు లేత పసుపు రంగులో, అప్పుడే చిలికి తీసిన వెన్నలాంటి ముద్ద అంటుకుని ఉంది. ఆయిల్ అలా తెల్లబడిందంటే దాంట్లో నీళ్లు కలిశాయన్నమాట. అంతవరకు నాకూ తెలుసు. ఆయన ఫోన్ తీసి ఒకదాని తర్వాత ఒకటి వీడియోలు చూశాడు. మధ్యాహ్నానికి తీర్పు వచ్చేసింది. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ ఆయిల్‌లోకి దిగకుండా మధ్యలో ఒక గ్యాస్కెట్ ఉంటుందట. అది పోయిందట. ఇక ఇంజిన్ మొత్తం విప్పాల్సిందేనట.

"ఒకసారి విప్పినాక అది బండి కాదు. ఎవరికన్నా ఇచ్చేద్దాం. నువ్వు ముందు మాదిరి ఆటోలో పో" అన్నాడు.

వద్దని వాదించే ధైర్యం నాకు లేకపోయింది. దానికి కారణం ఉంది. నెల కిందట కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గినట్లు కనిపిస్తే, బడిలోని బోరు నీళ్లు ఒక సీసాతో పట్టి పోశాను. అలా పోయకూడదని తర్వాత తెలిసింది. ఆయనతో చెప్తే ఇంకో షరతు పెడతాడని నోరు మూసుకున్నాను. ఇప్పుడు గ్యాస్కెట్ పోయిందంటే అది నా చేతులారా చేసుకున్నదే అని ఖాయమైపోయింది. వంటింట్లోకి పోయి ఏడ్చాను. కారు పోతుందని కొంత, తప్పు నాదని ఎక్కువ.

సాయంత్రం బండిని మెల్లగా నడుపుకుంటూ బస్టాండు వెనక షెడ్డుకు తీసుకెళ్లాం. ఆ షెడ్డు పెద్దాయన్ని ఊరంతా భాయ్ అంటుంది. జీపులు, ట్రాక్టర్లు, కార్లు విప్పి బిగిస్తూనే గడ్డం నెరిసిన మనిషి. మా ఆయన వీడియోల సారమంతా అప్పజెప్పాడు. భాయ్ ఓపిగ్గా విని, మూత వాసన చూశాడు. ఆయిల్ మట్టం చూసే కడ్డీ లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీశాడు. దాని మీద ఆయిల్ ముదురు తేనె రంగులో తేటగా ఉంది.

"పైన వెన్న, కింద తేట. ఇప్పుడే ఏం చెప్పను సార్. బండి రేపటిదాకా ఈడే ఉండనీ. నీళ్లుంటే అడుక్కు దిగతాయి" అన్నాడు. కూలెంట్ డబ్బా మీద మట్టం దగ్గర పెన్నుతో ఒక గీత గీశాడు.

సోమవారం షేర్ ఆటో ఎక్కాను. పది మంది అప్పటికే ఉన్నారు. నేను అంచున సగం కూర్చుని, సగం గాల్లో ఉన్నాను. ఒడిలో నా సంచీ, దాని మీద ఇంకెవరిదో కూరగాయల సంచీ. తుంపరకు ఎడమ భుజం తడిసిపోయింది. బడికి చేరేసరికి ప్రార్థన అయిపోయింది. ఇక రోజూ ఇంతేనా అనుకుంటే దిగులేసింది.

సాయంత్రం ఇద్దరం షెడ్డుకు వెళ్లాం. భాయ్ ఇంజిన్ కింద పళ్లెం పెట్టి, అడుగున ఉండే బోల్టు కొంచెం వదులు చేశాడు. నీళ్లుంటే ముందు అవే రావాలి. నేను పళ్లెం దగ్గరికి వంగి చూశాను. వచ్చింది ఆయిలే. చుక్క నీళ్లు లేవు. కూలెంట్ మట్టం గీత మీదే ఉంది. ఇంజిన్ వేస్తే, గ్యాస్కెట్ పోయినప్పుడు వచ్చే తెల్లపొగ లేదు, రేడియేటర్‌లో బుడగలు లేవు.

తర్వాత భాయ్ టీ కాచుకునే స్టవ్వు మీద ఒక రేకు ముక్క వేడి చేసి, మా ఇంజిన్ ఆయిల్ రెండు చుక్కలు వేశాడు. సన్నగా పొగ వచ్చింది, చప్పుడు లేదు. ఇంకొంచెం ఆయిల్‌లో నీటిచుక్క కలిపి వేశాడు. చిటపటలాడింది. తడి కరివేపాకు పోపులో వేస్తే వచ్చే చప్పుడు అది, నేను రోజూ వినేదే. ఈ పరీక్ష నా వంటింట్లో నేనే చేసుకోగలిగేదాన్ని!

ఇక దాచలేక చెప్పేశాను. "భాయ్, నేను కూలెంట్‌లో బోరు నీళ్లు పోసినా."

మా ఆయన గిర్రున తిరిగి నా వైపు చూశాడు. భాయ్ మాత్రం నవ్వాడు.

"దాండ్లో ఉప్పు పడతాది, కడిగేసి కొత్తది పోస్తా. దానికీ దీనికీ సంబంధం లేదు టీచరమ్మా. బండి రోజూ ఎంత దూరం తోలతాండారు?"

"రెండు కిలోమీటర్లు."

"అదీ సంగతి! ఇంజిన్ బాగా వేడెక్కకముందే ఆపేస్తాండారు. లోపల పుట్టిన ఆవిరి బయటికి పోక, చల్లటి మూతకు చెమ్మగా పట్టి, ఆయిల్‌తో కలిసి వెన్నయితాండాది. ముసురుకు ఇంకా శానా అయింది. గ్యాస్కెట్ బాగుండాది. జబ్బేం లేదు."

గుండెల మీది బరువు దిగిపోయింది. ఆ వెంటనే సిగ్గేసింది. ఆవిరి చల్లటి దానికి తగిలి నీటిబొట్లవుతుందని ఏటా ఏడో తరగతికి చెప్పే సైన్సు టీచర్ని నేను. అయినా ఆ సిగ్గు కూడా హాయిగానే ఉంది.

"ఒకసారి కర్నూలు దాకా ఆపకుండా తోలి తీసుకొని రండి. వచ్చినాక ఆయిల్ మారుస్తా" అన్నాడు భాయ్.

"సరే, ఎవరన్నా డ్రైవర్ని పిలిపిస్తా" అన్నాడు మా ఆయన.

"నేనే తోల్తా" అన్నాను. గొంతు కొంచెం గట్టిగానే వచ్చింది. ఆయన నన్నూ, బండినీ మార్చి మార్చి చూశాడు. చివరికి, "అయితే నేనూ వస్తా" అన్నాడు.

తర్వాతి ఆదివారం బయల్దేరాం. దారంతా ఆయన కాళ్లతో లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. "లారీ, లారీ! మెల్లగా, మెల్లగా!" నందికొట్కూరు దాటే దాకా నేను పళ్ల బిగువున నడిపాను. ఆ తర్వాత భుజాలు వదులయ్యాయి, కూనిరాగం కూడా తీశాను. కర్నూల్లో భోజనం చేసి, ఇంజిన్ చల్లారాక మూత తీశాం. వెన్న కరిగిపోయింది. మిగిలిన కొంచెం ఆయనే జేబురుమాలుతో తుడిచాడు.

తిరుగు దారిలో కొంతసేపటికి ఆయన గొంతు ఆగిపోయింది. బోరు నీళ్ల కోపం ఇప్పుడు బయటపడుతుందేమో అనుకుని పక్కకు చూశాను. తల అద్దానికి ఆనించి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. డ్రైవర్ ఎట్లాంటివాడో అని బస్సులో తెల్లవార్లూ కళ్లు మూయని మనిషి. ఇరవై ఐదేళ్ల కాపురంలో కదిలే బండిలో ఆయన నిద్రపోవడం నేను అప్పుడే చూశాను. ఆత్మకూరు వచ్చేసింది. లేపడానికి మనసు రాలేదు. మా వీధి మలుపు దాటి, అలాగే ముందుకు పోనిచ్చాను.