ఐలన్న మందు తాగలేదు

నిన్న పొద్దున ఫోన్ మోగింది. ఆటో నడిపే సాంబయ్య.

"పాస్టరన్నా, ఐలన్న పోయిండు. పురుగుల మందు తాగిండంట."



ఐలన్న పోవడమేంటి? మొన్న సాయంత్రమే కదా నా బైక్ ఆపి, "సైలెన్సర్ల ఎంత మసి ఉందో చూడు, నీ ప్రసంగం లెక్కనే అంత పొగ" అని వెక్కిరించి పోయాడు!

కాసేపటికి గానీ ఆ రెండో మాట గుచ్చుకోలేదు.

"ఎవరు చూసిన్రు సాంబయ్యా?"

"కాలనీ గ్రూపుల వాయిస్ మెసేజ్ వచ్చిందన్నా. పక్కపొంటి సీసా దొరికిందంట."

అంట, అంట. చూసినవాడు ఒక్కడూ లేడు.

నేను ఏ కాలేజీలోనూ బైబిల్ వాక్యం నేర్చుకోలేదు. సొంతంగా చదువుకున్నాను. ఒక మనిషి మీద మాట వేయాలంటే వాక్యం సాక్షులను అడుగుతుంది. వాయిస్ మెసేజ్‌ను అడగదు.

చెప్పులేసుకుని బయల్దేరాను.

తెలియనివారి కోసం చెప్తున్నాను. ఐలన్న ఆర్మీలో చేసి వచ్చి, బ్యాంకులకు క్యాష్ తీసుకెళ్ళే వ్యాన్ మీద గన్‌మన్‌గా ఉండేవాడు. లైసెన్సున్న సొంత రైఫిల్. ఇల్లు రంగశాయిపేటలో.

మా పరిచయం మొదలైంది కూడా ఆ సీసాతోనే.

ఆయన భార్య సరోజన చెల్లె మా ప్రార్థనకు వచ్చేది. ఒకరోజు ఏడుస్తూ, "మా ఆయన మంచం కింద సీసా దాస్తాండన్నా" అంది. సారా అంటే నేను ఎట్లా మండిపడతానో మీ అందరికీ తెలుసు. గ్రంథం చంకలో పెట్టుకుని పోయాను. మంచం కింద నిజంగానే లేబుల్ లేని సీసా! మూత తీసి, నిండా ఊపిరి పీల్చి, గట్టిగా అరవబోయాను.

అరుపు రాలేదు.

అమ్మోనియా. ముక్కు, కళ్ళు ఒకేసారి కారాయి. గోడ పట్టుకుని కూలబడ్డాను.

ఐలన్న తాపీగా తువ్వాల అందించాడు. "ఏందన్నా, ఆత్మ దిగిందా?"

సరోజన చెల్లె నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది.

అప్పుడు కూర్చోబెట్టి చూపించాడు. "గుండు పోయినంక గొట్టంల అన్నీ ఒకటే మురికి కాదన్నా. ఉప్పు మిగుల్తది, అది నూనెకు లొంగది, వేడినీళ్ళే పొయ్యాలె. మసికి కిరోసిన్ చాలు. గుండు మీది రాగి రాసుకుని లోపల అంటుకుంటది సూడు, దానికే ఈ సీసల సాల్వెంట్. బోల్ట్ తీసి ఎనక నుంచే రాడ్ దొయ్యాలె. చిందీ నీలంగ వచ్చిందంటే ఇంకా రాగి ఉన్నట్టే."

చిందీ అంటే రాడ్ కొనకు చుట్టే గుడ్డముక్క.

"ఎన్ని పాపాలున్నా కడగడానికి క్రీస్తు ఒక్కడే చాలు" అన్నాను నేను. ఊరుకోలేను కదా.

"చాలదని నేనన్ననా? ఇది గొట్టం సంగతి."

ఒక పట్టింపు ఉండేది ఆయనకు. ఆ సాల్వెంట్ పోశాక మధ్యలో లేచేవాడు కాదు. ఎక్కువసేపు ఉంచితే ఉక్కునే తింటుందట. ఒకసారి బావమరిది మేడారం జాతర నుంచి బెల్లం ప్రసాదం తెచ్చి గుమ్మంలో నిలబడితే, "చిందీ తెల్లగొచ్చేదాక ఆగు బావా" అన్నాడు. అమ్మవార్ల బెల్లం అట్లాగే చేతిలో పట్టుకుని బావమరిది నిలబడ్డాడు. నేను సాక్షిని.

నిన్న ఆ గదిలోకి నేనే వెళ్ళి చూశాను.

స్టూల్ మీద రైఫిల్. తువ్వాల మీద బోల్ట్. బ్యారెల్‌లో సగం దూరిన రాడ్. పక్కన పడేసిన చిందీలన్నీ నీలం. సీసా మూత ఎంత బిగించి ఉందంటే, తిప్పడానికి నాకు రెండు చేతులూ పట్టాయి. ఈసారి మాత్రం వాసన చూడలేదు.

సరోజన చెల్లె చెప్పింది. "మొన్న ఫైరింగ్ ప్రాక్టీసుకు పోయొచ్చిండు కదన్నా, అది తుడుస్తాండు. ఛాతీల పట్టేసినట్టుంది, నీళ్ళియ్యి అన్నడు. తెచ్చేలోపట ఒరిగిండు."

ఎత్తుకుని దవాఖానకు ఉరికారు. డాక్టర్ గుండెపోటని రాసిచ్చాడు. అయినా గుమ్మం బయట చూపులు మారలేదు.

"పరువు కోసం అట్ల రాపిచ్చుకున్నరు" అని ఒకాయన గొణిగాడు. సాంబయ్య వినిపించిన వాయిస్ మెసేజ్‌లోని గొంతు లాగే ఉంది. పేరు రాయను. ఈ పోస్ట్ ఆయన చదువుతాడని కూడా నాకు అనుమానమే.

ఐలన్న బిడ్డ ఇంటర్ చదువుతోంది. రేపు కాలేజీలో ఎవరో ఒకరు అడుగుతారు, "మీ నాన్న మందెందుకు తాగిండు?" అని. ఆ పిల్ల జీవితాంతం ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవాలా? అందుకే రాస్తున్నాను.

మధ్యాహ్నం కానిస్టేబుల్ వచ్చాడు. "లైసెన్స్ ఉన్నాయన లేడు కదమ్మా, రైఫిల్ స్టేషన్ల డిపాజిట్ చెయ్యాలె."

అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్న సరోజన చెల్లె లేచింది.

"జర ఆగు సార్. ఇట్లనే పంపితే ఆయన పానం ఒప్పది. అన్నా, నువ్వు తుడువు."

తర్వాత గుమ్మం వైపు తిరిగింది.

"సావాలనుకున్నోడైతే, ముందు ఇది తుడిచి పెట్టి సచ్చేటోడు."



నేను కూర్చుని, ఆయన చూపించినట్టే వెనక నుంచి తోశాను. నీలం వచ్చింది. మళ్ళీ నీలమే. తర్వాత లేత నీలం. కళ్ళు కారుతూనే ఉన్నాయి. అమ్మోనియా అనే అనుకోండి.

చివరికి తెల్లగా వచ్చింది.

ఆ చిందీని ఎత్తి గుమ్మం దగ్గరి వాళ్ళకు చూపించాను. నేను నోరు తెరవకుండా చేసిన ప్రసంగం అదొక్కటే. ఆ గొణిగినాయన అందరికన్నా ముందు చెప్పులేసుకున్నాడు.

ఇంకా అనుమానం ఉన్నవాళ్ళు గ్రూపులో కాదు, నా ముందుకొచ్చి అడగండి.

ఐలన్నా, తెల్లగొచ్చిందే. నూనె గూడ పూసిన. ఇగ నువ్వు లేవాల్సిన పని లేదు.

ఏ ఫికర్ లేకుంట పండుకో. నీ ఇంటి మీద, నీ బిడ్డ మీద దేవుని నెమ్మది ఉండాలె.